కౌన్సిల్ ట్యాక్స్, నీళ్ల బిల్లు: బాబు కోసం నింపిన రెండు ఫారాలు

మా బాబు చదివే స్పెషల్ స్కూలు గేటు దగ్గర మధ్యాహ్నం మూడుంబావుకి తల్లులం నిలబడతాం. మినీబస్సులు, ట్యాక్సీలు వెళ్లిపోయాక మిగిలేది ఐదారుగురం. వాళ్లలో వరంగల్ ఆవిడ ఒకరున్నారు, ఇంగ్లండ్ వచ్చి ఇరవై ఏళ్లయింది, నేను అక్కా అని పిలుస్తాను. 2024 మార్చిలో ఒకరోజు కొత్త ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు వచ్చింది, మళ్లీ పెరిగింది అని మాటల్లో అన్నాను. కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది, కౌన్సిల్ ట్యాక్స్ దానికి కట్టే ఇంటి పన్ను. అక్క నా వైపు తిరిగి, "మీకు బ్యాండ్ తగ్గియ్యలేదా చెల్లె? పిలగాని కోసం కింద బాత్రూం కట్టిచ్చిన్రు కదా?" అంది.

"బాత్రూంకీ పన్నుకీ సంబంధం ఏంటక్కా?"

"అదే కదా సంబంధం. ఇంతవరకు అడగనే లేదా?"

అడగలేదు. అడగొచ్చని కూడా తెలీదు. ఆ సంబంధం ఏమిటో తెలుసుకుని, కాగితం మీద పెట్టి, కౌన్సిల్ వాళ్లని ఒప్పించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఊపులోనే నీళ్ల బిల్లు సంగతీ తేల్చుకున్నాను. ఈ దేశంలో మనవాళ్ల ఇళ్లలో మా బాబులాంటి పిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్లు ఉన్నారు. నేను మాట్లాడిన వాళ్లలో చాలామందికి ఈ రెండూ తెలియవు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బాబుకి అప్పుడు తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, వీల్‌చెయిర్‌లోనే ఉంటాడు. మాటలు తక్కువ, కానీ అన్నీ అర్థమవుతాయి. మాది రెండంతస్తుల మామూలు ఇల్లు, పక్కింటితో ఒక గోడ కలిసి ఉంటుంది. బెడ్‌రూంలు, బాత్రూం అన్నీ పైనే. ఆరేళ్లు వచ్చేదాకా వాణ్ని ఎత్తుకునే మెట్లెక్కాం. ఒకరోజు స్నానం చేయించి దించుతుంటే మావారికి నడుము పట్టేసి మెట్ల మధ్యలో కూలబడిపోయారు, బాబు ఆయన గుండెల మీదే ఉన్నాడు. ఆ తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే ఇలాంటివాళ్లకి ఇంట్లో ఏ మార్పులు కావాలో చూసి చెప్పే నిపుణురాలు, వచ్చి చూసి, కింద ఒక వెట్ రూం కట్టుకోవాలని రిపోర్టు రాసింది. వెట్ రూం అంటే గడప, తొట్టి లేకుండా నేలంతా ఒకే వాలుగా ఉండే స్నానాల గది. కుర్చీతో సహా నేరుగా షవర్ కిందికి తోసుకెళ్లొచ్చు.

దానికి కౌన్సిల్ ఇచ్చే డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆ గ్రాంటు గరిష్ఠంగా 30,000 పౌండ్లు, పిల్లల కోసమైతే తల్లిదండ్రుల ఆదాయం చూడరు. పైన పడ్డ ఖర్చు మేం పెట్టుకున్నాం. 2021 ఆగస్టులో గది పూర్తయింది. మొదటిసారి షవర్ తిప్పినప్పుడు బాబు నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తు. అంతకుముందు వాడికి స్నానమంటే భయం, ఎత్తుకున్నప్పుడల్లా ఒళ్లు బిగబట్టేవాడు.

ఇక పన్ను సంగతి. ఇంగ్లండ్‌లో ప్రతి ఇంటికీ ఏ నుంచి హెచ్ దాకా ఒక బ్యాండ్ ఉంటుంది. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంత ధర పలికేదో ఊహించి ఆ బ్యాండ్ వేశారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. బ్యాండ్ డి కట్టేది తొమ్మిది వంతులు అనుకుంటే సి వాళ్లు ఎనిమిది వంతులు, బి వాళ్లు ఏడు, ఏ వాళ్లు ఆరు కడతారు. పైకి వెళితే 'ఈ' బ్యాండ్ వాళ్లు పదకొండు, ఎఫ్ వాళ్లు పదమూడు, అలా పెరుగుతుంది. మాది డి. ఇంట్లో వైకల్యం ఉన్న మనిషి ఉండి, ఆ మనిషి అవసరం కోసం ఇంట్లో కొన్ని ఏర్పాట్లు ఉంటే, ఆ ఇంటికి ఒక మెట్టు కింది బ్యాండ్ ప్రకారం పన్ను వేస్తారు. 1992 నుంచి ఉన్న నిబంధన ఇది. అప్పటికే అన్నిటికన్నా కిందిదైన 'ఏ' బ్యాండ్‌లో ఉన్నవాళ్లకి కింద ఇంకో బ్యాండ్ లేదు కాబట్టి వాళ్లకీ ఒక వంతు తగ్గిస్తారు. ముఖ్యమైన మాట ఏమిటంటే, దీనికి జీతం, బ్యాంకులో డబ్బు ఏవీ చూడరు. వైకల్యం పెద్దవాళ్లకి ఉన్నా పిల్లలకి ఉన్నా ఒకటే.

ఆ రాత్రి మావారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"గ్రాంటు తీసుకున్నాం. యూనివర్సల్ క్రెడిట్ కొంత వస్తోంది. ఇంకా ఇది కూడా అడగాలా?" అన్నారు. నేను ఉద్యోగం మానేసి, ఆయన వారానికి నాలుగు రోజుల పనికి మారాక మాకు యూనివర్సల్ క్రెడిట్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం, వస్తోంది. దానికి దరఖాస్తు పెట్టడానికే ఆయన చాలా రోజులు మథనపడ్డారు. ఊళ్లో మా మామగారు ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి, ఆ పెంపకం అది. నాకు అర్థమవుతుంది, తప్పు పట్టను.

ఇంకో భయం కూడా ఉంది ఆయనకి. "వాళ్లని పిలిచి ఇల్లు చూపిస్తే, వెనక కొత్తగా కట్టింది చూసి బ్యాండ్ పెంచేస్తారేమో? తగ్గించమని అడగబోయి పెంచుకున్నట్టు అవుతుంది."

ఈ భయం చాలామందికి ఉంది, తర్వాత నాకు తెలిసింది. ఇల్లు పెంచి కట్టుకున్నంత మాత్రాన అందులో ఉంటున్నవాళ్లకి బ్యాండ్ పెరగదు. ఇల్లు అమ్మినప్పుడే మళ్లీ లెక్క చూస్తారు. ఇది తెలిశాక ఆయన కొంచెం మెత్తబడ్డారు.

నేను ఆయనకి చెప్పింది ఒకటే. "ఏమండీ, మన బాబు నడిచే పిల్లాడైతే మనకి రెండో స్నానాల గది ఎందుకు? ఈ ఇంట్లో అంత చోటు వాడి కుర్చీకే పోయింది. ఆ చోటు మీద కూడా పన్ను కట్టొద్దని చట్టమే అంటుంటే, అడగడం చెయ్యి చాచడం ఎలా అవుతుంది?" నేను ఇప్పటికీ అదే అనుకుంటాను. ఇది దయ కాదు. ఇల్లు పెద్దదైతే పన్ను ఎక్కువ. వైకల్యం వల్ల ఇల్లు పెద్దది కావాల్సి వచ్చినవాళ్ల మీద ఆ బరువు పడకుండా చూసేందుకే ఈ తగ్గింపు పెట్టారు.

ఏప్రిల్ మొదటి వారంలో కౌన్సిల్ వెబ్‌సైటులో ఫారం తెరిచాను. మా మేనత్తకి పోలియో, ఆవిడ గుంటూరులో సదరం క్యాంపుకి వెళ్లి తెచ్చుకున్న సర్టిఫికెట్ నాకు తెలుసు. అందులో వైకల్యం ఇంత శాతం అని ఉంటుంది, 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పింఛనుకి అర్హత. నేనూ ఇక్కడ అలాంటి నంబరు ఏదో అడుగుతారనుకున్నాను. అలాంటిదేమీ లేదు. ఆ మనిషికి గణనీయమైన, శాశ్వతమైన వైకల్యం ఉందా అని ఒక ప్రశ్న. ఆ తర్వాతవన్నీ ఇంటి గురించే. మూడు గడులున్నాయి. ఆ మనిషి అవసరం కోసం రెండో స్నానాల గది గానీ రెండో వంటిల్లు గానీ ఉందా? స్నానాల గది, వంటిల్లు, టాయిలెట్ కాకుండా, ప్రధానంగా ఆ మనిషి అవసరానికే వాడే గది ఉందా? ఇంట్లో వీల్‌చెయిర్ తిరగడానికి కావలసిన చోటు ఉందా?

నేను రెండోదానికి టిక్ పెట్టాను. దానికొక్కదానికే.

ఎందుకంటే మాకు ముందు గది ఉంది. ఒకప్పుడు సోఫాలు ఉండేవి, ఇప్పుడు బాబు హాస్పిటల్ మంచం, వాణ్ని ఎత్తే హాయిస్ట్, నిలబెట్టే స్టాండింగ్ ఫ్రేమ్ ఉన్నాయి. రోజూ గంటన్నర ఫిజియోథెరపీ అక్కడే. వాడి జీవితం నడిచేది ఆ గదిలోనే కాబట్టి అదే రాయాలనిపించింది. స్నానాల గది కౌన్సిల్ డబ్బుతో కట్టింది, దాన్ని మళ్లీ చూపించి పన్ను తగ్గించమంటే బాగుండదేమో అని దాన్ని వదిలేశాను. వీల్‌చెయిర్ గడి చూసి, అది ఇల్లంతా మార్చి కట్టుకున్నవాళ్లకేమో అనుకున్నాను. ఒకటి చాలు కదా, నిజాయితీగా ఒకటి రాద్దాం అనుకున్నాను.

మే నెలలో ఉత్తరం వచ్చింది. తిరస్కరించారు. ఆ ముందు గది ఏ ఇంట్లోనైనా ఉండేదే, ఇప్పుడు పడకగదిగా వాడుకుంటున్నారు, పడకగది ఎవరికైనా కావాలి, వైకల్యం వల్ల అదనంగా ఏర్పడిన అవసరంగా మాకు కనిపించలేదు అని రాశారు. రెండు పేరాల ఉత్తరం. నేను వంటింట్లో నిలబడి మూడుసార్లు చదివాను. హాయిస్ట్ గురించి ఒక్క ముక్క లేదు, ఫ్రేమ్ గురించీ లేదు. పడకగది అట. ఆ రోజంతా నాకు కోపంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది. మావారు, "సరేలే, వదిలెయ్. ఉన్నదానితో బతుకుతున్నాం కదా" అన్నారు.

మర్నాడు గేటు దగ్గర అక్కకి చెప్పాను. "గట్లెట్ల వదిలేస్తవ్ చెల్లె? ఒక్కసారి కాదంటే అయిపోతదా? సిటిజెన్స్ అడ్వైస్ కాడికి పో" అంది.

సిటిజెన్స్ అడ్వైస్ అంటే ఇలాంటి విషయాల్లో సలహా చెప్పే స్వచ్ఛంద సంస్థ, డబ్బు తీసుకోరు. అక్కడ నాకు దొరికినది రిటైరైన ఒక పెద్దాయన, వాలంటీరుగా వస్తారు. నా ఫారం నకలు చూసి మొదట అడిగింది, "మూడు గడులూ ఎందుకు నింపలేదు?" అని. ఒకటి సరిపోతే చాలు కానీ, మూడూ ఉన్నప్పుడు మూడూ చెప్పాలి, వాళ్లు ఒకదాన్ని కాదన్నా ఇంకొకటి నిలుస్తుంది అన్నారు. రెండో స్నానాల గది ఎవరి డబ్బుతో కట్టారన్నది నిబంధనలో ఎక్కడా లేదు, అది బాబుకి అవసరమా కాదా అన్నదే ప్రశ్న అన్నారు. ఆ అవసరానికి ఒక కొలత ఉంది: ఆ వైకల్యం స్వభావాన్ని, తీవ్రతను బట్టి అది ఆ మనిషి క్షేమానికి అత్యవసరమై ఉండాలి, లేదా చాలా ముఖ్యమై ఉండాలి. "మీరు ఫారంలో మీ బాబు ఎంత మంచివాడో, మీరెంత కష్టపడుతున్నారో రాశారు. అది కాదు వాళ్లకి కావలసింది. ఈ గది లేకపోతే బాబుకి ఏమవుతుందో రాయండి" అన్నారాయన. కటువుగా అనలేదు, చాలా నెమ్మదిగా అన్నారు. ఆ మాట నాకు బాగా పట్టింది.

ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. నిర్ణయం నచ్చకపోతే ముందు కౌన్సిల్‌కే రాతపూర్వకంగా చెప్పాలి. జవాబివ్వడానికి వాళ్లకి రెండు నెలల గడువు. అప్పటికీ కాదంటే, లేదా జవాబే ఇవ్వకపోతే, ఇలాంటి తగాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆ మాట ఉత్తరంలో చివరి వాక్యంగా రాయమన్నారు.

జూన్‌లో రెండు రాత్రులు కూర్చుని రాశాను. ఒకటిన్నర పేజీ. మొదట స్నానాల గది. బాబు తొట్టిలో కూర్చోలేడు, పట్టుకుంటే తప్ప తల నిలబడదు, మెట్ల మీదుగా ఎత్తుకెళ్లడం వాడికీ మోసేవాళ్లకీ ప్రమాదమని థెరపిస్టు రాసిన వాక్యం యథాతథంగా ఎత్తి రాశాను. గ్రాంటు మంజూరు చేస్తూ ఇదే కౌన్సిల్‌లో ఇంకో విభాగం ఇచ్చిన ఉత్తరం జతచేశాను. అందులో ఈ గది ఈ పిల్లవాడికి అవసరం, తగినది అని వాళ్లే రాశారు. ఒక విభాగం అవసరమని డబ్బిచ్చిన గదిని ఇంకో విభాగం అవసరం కాదనలేదు కదా. రెండోది వీల్‌చెయిర్. వాడు ఇంట్లో కూడా కుర్చీలోనే ఉంటాడని, ఎక్కడెక్కడ తలుపులు వెడల్పు చేశామో రాశాను. ముందు గది గురించి చివర్లో, ఈసారి మంచం మాట తగ్గించి, హాయిస్ట్ పట్టాలు పైకప్పుకి బిగించి ఉన్నాయని, రోజువారీ ఫిజియోథెరపీ చేయకపోతే వాడి తుంటి కీళ్లు జారే ప్రమాదం ఉందని రాశాను.

జూలై చివర్లో ఫోన్ వచ్చింది, ఇల్లు చూడటానికి వస్తామని. అప్పటికే బడికి సెలవులిచ్చారు, బాబు ఇంట్లోనే ఉన్నాడు. నాకు పొద్దున్నుంచీ టెన్షన్. ఇల్లు సర్దాలా, సర్దకూడదా అన్నదానికే గంటసేపు తర్జనభర్జన. చివరికి రోజూ ఎలా ఉంటుందో అలాగే వదిలేశాను.

యాభై ఏళ్లావిడ వచ్చింది. గుమ్మంలో మా చెప్పుల స్టాండ్ చూసి, అడక్కుండానే బూట్లు విప్పేసి లోపలికొచ్చింది. చేతిలో టేపు, ఒక ట్యాబ్లెట్. నేను మాట్లాడబోతే, "ముందు బాబు ఎప్పుడూ తిరిగే దారిలో నన్ను తీసుకెళ్లండి" అంది. బాబు కుర్చీ తోసుకుంటూ నేను ముందు, ఆవిడ వెనక. ముందు గదిలోంచి నడవ, నడవలోంచి వంటింటి పక్కగా వెట్ రూం. నడవ మలుపు దగ్గర ఆవిడ ఆగి వంగి చూసింది. తలుపు చట్రానికి రెండు వైపులా, నేల నుంచి జానెడు ఎత్తులో, తెల్ల రంగు లేచిపోయి చెక్క కనిపిస్తుంది. మూడేళ్లుగా చక్రం ఇరుసు రాసుకుని పడిన గీతలు. మావారు రెండుసార్లు రంగు వేశారు, రెండుసార్లూ నెల తిరక్కుండా పోయింది. ఆవిడ ఆ గీతల మీద వేలు పెట్టి చూసి, ఫోటో తీసుకుంది. వెట్ రూంలో టేపు పరిచి, ఒకసారి కుర్చీ పూర్తిగా తిప్పమంది. మీటరున్నర చోటులో బాబు కుర్చీ గుండ్రంగా తిరిగింది. వాడికి అది ఆటలా అనిపించి కేరింతలు కొట్టాడు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వాడి పేరు అడిగింది. నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, వాడు చెప్పేదాకా ఆగింది. చాలాసేపు పట్టింది. చెప్పాడు.

ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయింది. ఏమీ మాటివ్వలేదు. పదకొండో రోజున ఉత్తరం వచ్చింది. రెండో స్నానాల గది, వీల్‌చెయిర్ చోటు, ఈ రెండు కారణాల మీదా ఒప్పుకున్నారు. ముందు గది గురించి ఏమీ తేల్చలేదు, ఇక అవసరమూ లేదు. ఆ ఏడాది మా బిల్లు 2,160 పౌండ్లు. డి నుంచి సికి దిగితే తొమ్మిదో వంతు తగ్గుతుంది, అంటే 240. దాంతోపాటు గది పూర్తయిన 2021 ఆగస్టు నుంచి లెక్కకట్టి, పాత ఏళ్లవి దాదాపు 590 పౌండ్లు మా ఖాతాలో జమ చేశారు. ఇల్లు మాత్రం డి బ్యాండ్‌లోనే ఉంటుంది, లెక్క వరకే సి. గ్రాంటు కాగితాలు దాచుకోకపోతే ఆ వెనకటి తేదీ నిరూపించడం మాకు కష్టమయ్యేది. కాబట్టి పని పూర్తయిన సర్టిఫికెట్, బిల్డర్ ఆఖరి బిల్లు పారేయకండి.

నీళ్ల బిల్లు కథ చిన్నదే, కానీ నాకు అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇంగ్లండ్‌లో నీళ్లు ఇచ్చేది ప్రాంతానికో కంపెనీ. స్కాట్లాండ్‌లోలా కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో కలిసి రాదు, వేరే కట్టాలి. మా ఇంటికి మీటరుంది. నెలకి 84 పౌండ్లు పోతున్నాయి. నలుగురం, ఇంత ఎందుకవుతోందని మావారు ఎప్పుడూ అనలేదు, కానీ మా అమ్మాయి షవర్‌లో ఎక్కువసేపు ఉంటే నేను తలుపు కొట్టేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. దానికి పన్నెండేళ్లు అప్పుడు.

వాటర్‌ష్యూర్ అని ఒక పథకం ఉందని సిటిజెన్స్ అడ్వైస్ పెద్దాయనే చెప్పారు. మీటరు ఉండాలి, లేదా పెట్టించుకోవడానికి అర్జీ పెట్టి ఉండాలి. ఇంట్లో ఎవరికైనా యూనివర్సల్ క్రెడిట్‌లాంటి, ఆదాయం చూసి ఇచ్చే సాయం వస్తుండాలి. మూడోది, ఎక్కువ నీళ్లు వాడక తప్పని కారణం ఉండాలి. బడికెళ్లే పిల్లలు ముగ్గురు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండటం ఒక కారణం. జబ్బు ఇంకో కారణం: రసి కారే చర్మవ్యాధులు, క్రోన్స్ వ్యాధి, పేగుల్లో పుండ్లు, పొట్టకి స్టోమా (మలమూత్రాలు బయటికి వచ్చేందుకు ఆపరేషన్ చేసి పెట్టే రంధ్రం), ఇంట్లో డయాలసిస్, మలమూత్రాలు అదుపులో లేకపోవడం. ఈ మూడూ ఉంటే, ఎన్ని నీళ్లు వాడినా ఆ కంపెనీ ప్రాంతంలో మీటరున్న ఇళ్ల సగటు బిల్లు కన్నా ఎక్కువ వసూలు చేయరు. కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపుకి ఆదాయం చూడరు, దీనికి చూస్తారు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఫారం నింపే ముందు మేమెంత వాడుతున్నామో నాకే తెలుసుకోవాలనిపించింది. మా మీటరు గేటు బయట కాలిబాటలో, ఇనుప మూత కింద ఉంటుంది. మూత ఎత్తితే లోపల చలికి గడ్డకట్టకుండా థర్మాకోల్ బిళ్ల, దాని కింద బురద, ఆ కింద గాజు ముఖం. నల్ల అంకెలు ఘనపు మీటర్లు, ఒక్కో ఘనపు మీటరు వెయ్యి లీటర్లు. ఎర్ర అంకెలు దానికి లోపు. ఒక వారం రోజులు రాత్రి పదింటికి ఫోన్ లైటు వేసుకుని మోకాళ్ల మీద వంగి రాసుకున్నాను. రోజుకి సగటున 880 లీటర్లు. ఇక్కడ మనిషికి రోజుకి 140 లీటర్లు మామూలు అంటారు, ఆ లెక్కన నలుగురికి 560. మిగతా 320 ఎక్కడికి పోతున్నాయో చూసుకుంటే, దుప్పట్లు, పరుపు కవర్లు, కుర్చీ కవర్లు, రోజుకి మూడుసార్లు తిరిగే వాషింగ్ మెషిన్. రాత్రి రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బాబుని కడగడం. ఒక్క చుక్క కూడా వృథా లేదు.

ఫారంలో ఆ జబ్బు పేరుకి ఎదురుగా టిక్ పెట్టాలి, కింద నాలుగు గీతల్లో వివరం రాయాలి. రాయడానికి నా చెయ్యి రాలేదు. బాబు పక్కనే ఉన్నాడు. వాడికి అక్షరాలు వస్తాయి. వాడి ఒంటి సంగతి, వాడు సిగ్గుపడే సంగతి, ఎవరో తెలియని ఆఫీసులో పెట్టే కాగితం మీద నేను రాస్తున్నాను. వాడు నిద్రపోయాక రాశాను. ఏది అవసరమో అంతే రాశాను, ఒక్క మాట ఎక్కువ రాయలేదు. పిల్లల గురించి ఇలాంటి ఫారాలు నింపే తల్లులందరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది, వాళ్లడిగినంతే రాయండి, మిగతాది వాడిది.

డాక్టరు ఉత్తరానికి ఆయన క్లినిక్‌లో ఫీజు అడిగారు. కంపెనీకి ఫోన్ చేస్తే మందుల చీటీ నకలు, ప్యాడ్లు పంపే ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) విభాగం ఇచ్చిన కాగితం సరిపోతాయన్నారు. కాబట్టి ఫీజు కట్టే ముందు ఒకసారి అడగండి. యూనివర్సల్ క్రెడిట్ తాజా స్టేట్‌మెంటు ప్రింటు తీసి పెట్టాను. మూడు వారాల్లో ఒప్పుకున్నారు. నెలకి 84 పౌండ్లున్నది 42 అయింది. ఇది ఏడాదికే, ప్రతి ఏడూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

నీళ్ల కంపెనీకి చేసిన అదే ఫోన్‌లో అక్కడి ఉద్యోగి అమ్మాయి, "మీరు ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో ఉన్నారా?" అని అడిగింది. లేము. దీనికి ఆదాయంతో పనిలేదు, మీటరుతో పనిలేదు, పైసా కట్టక్కర్లేదు. నీళ్లు ఆగిపోయినప్పుడు అవసరం ఉన్నవాళ్లకి సీసాల్లో నీళ్లు ఇంటికి తెచ్చిస్తారు. ఆ మాట వినగానే నాకు రెండేళ్ల కిందటి రోజు గుర్తొచ్చింది. పెద్ద పైపు పగిలి పొద్దున్నే నీళ్లు ఆగిపోయాయి. రాత్రి బట్టలు మెషిన్‌లో, బాబు మంచం మీద. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో నీళ్లు పంచుతున్నారంటే మావారు కారేసుకుని వెళ్లి గంటకు పైగా నిలబడ్డారు. అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "ఒక డ్రమ్ము నింపి ఉంచుకోకూడదటే?" అంది. గుంటూరులో మున్సిపాలిటీ నీళ్లు వచ్చే వేళకి డ్రమ్ములు, బిందెలు నింపి పెట్టుకునే పెరిగాను నేను. ఇక్కడికొచ్చాక ఆ అలవాటే పోయింది. ఆ రోజు బాబుని ఎలక్ట్రిక్ కెటిల్‌లో మిగిలిన నీళ్లతో తుడిచాను. రిజిస్టర్‌లో పేరు రాయించాక పోయిన చలికాలం మళ్లీ ఒకసారి నీళ్లు ఆగాయి. పదింటికల్లా గుమ్మంలో సీసాల కట్టలు పెట్టి వెళ్లారు.

ఇక్కడ మా ఊళ్లో తెలిసినవాళ్లు ఇప్పుడు నన్నే అడుగుతున్నారు, అందుకని మరికొన్ని మాటలు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లని, డాక్టరు సర్టిఫికెట్ ఉండి అటెండెన్స్ అలవెన్స్ (చూసుకునే మనిషి కావలసిన పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం) లాంటిది వస్తుంటే, కౌన్సిల్ ట్యాక్స్ లెక్కలో మనుషుల కింద లెక్కించరు. వాళ్లతోపాటు ఇంకొక్కరే ఉంటే బిల్లులో నాలుగో వంతు తగ్గుతుంది. ఇంట్లోనే ఉండి వారానికి కనీసం 35 గంటలు చూసుకునే కొడుకు, కోడలు, కూతురు కూడా కొన్ని షరతుల మీద ఆ లెక్కలోంచి తప్పుకోవచ్చు. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుంటే ఇది వర్తించదు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని చూసుకునే తల్లిదండ్రులకీ వర్తించదు. అందుకే మాకు రాలేదు. ఇది బ్యాండ్ తగ్గింపుతో సంబంధం లేని వేరే సదుపాయం, రెండూ కుదిరితే రెండూ అడగొచ్చు. ఇక వీసా మీద ప్రభుత్వ నిధులు వాడరాదన్న షరతు ఉన్నవాళ్లు యూనివర్సల్ క్రెడిట్, అటెండెన్స్ అలవెన్స్, ఆదాయం చూసి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ సాయం ముట్టుకోకూడదు. మాకు పౌరసత్వం ఉంది కాబట్టి ఆ చిక్కు రాలేదు. మీ పరిస్థితి వేరైతే ఏ ఫారం మీదైనా సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ సలహాదారుని అడగండి.

మొన్న కౌన్సిల్ నుంచి ఏడాదికోసారి వచ్చే కాగితం వచ్చింది. పరిస్థితిలో ఏమైనా మార్పు ఉందా అని ఒకే ప్రశ్న. ఈసారి నేను వంట చేస్తుంటే మావారే తీసుకుని నింపారు. బాబుకి పదేళ్లు దాటాయి, కొత్త కుర్చీ వచ్చింది, పాతదానికన్నా నాలుగు వేళ్లు వెడల్పు. ఆయన టేపు తెచ్చి వంటింటి తలుపు కొలిచి, అంకెలు రాసి, కింద ఒక వాక్యం కలిపారు. నన్ను పిలిచి చదివి వినిపించారు: మా అబ్బాయి పెరుగుతున్నాడు, ఈ ఏడాది ఇంకో తలుపు వెడల్పు చేయించాలి.